సింహాచలం తాతను ఏ పని కింద రాయాలి

కొత్త గోనెసంచుల వాసనా పాత చింతపండు వాసనా కలిసి ముక్కుకు తగిలితే ఇప్పటికీ నా కాళ్లు కాస్త ఆగిపోతాయి. పోయిన వారం శ్రీకాకుళంలో ఒక కిరాణా హోల్‌సేల్ గిడ్డంగి చూడటానికి వెళ్లాను. షట్టరు సగం ఎత్తారో లేదో ఆ వాసన మీదికొచ్చింది. యజమాని మర్యాదస్తుడు. "లోపలంతా దుమ్ము మేడమ్, ఆఫీసు గదిలో కూర్చుని టీ తాగుతూ రాసేసుకుందాం" అన్నాడు. ఆ మాటతో రూతమ్మ గారు గుర్తొచ్చారు. ఆవిడైతే టీ గ్లాసు చేత పట్టుకునే ఆ దుమ్ములోకి నడిచి ఉండేవారు. నాకు ఉద్యోగం నేర్పిన మనిషి ఆవిడ. సభలు చేసి దండలు వేసే రకం ఉద్యోగం కాదు మాది, కాబట్టి ఆవిడ గురించి ఎవరూ రాయరు. అందుకే నేను రాస్తున్నాను.

హుద్‌హుద్ తుఫాను వచ్చిన మరుసటి ఏడాది విజయనగరంలో ఒక బీమా కంపెనీ బ్రాంచిలో చేరాను. రూతమ్మ గారు మా మేనేజరు. బాప్టిస్టు మిషన్ కుటుంబం వాళ్లది, తండ్రి మిషన్ బడిలో పంతులుగా చేశారు. పొందూరు ఖద్దరు చీర, బిగించి వేసిన ముడి, భుజాన గుడ్డసంచి. ఇంగ్లీషులో ఉత్తరం రాస్తే పెద్దాఫీసువాళ్లు వంక పెట్టలేకపోయేవారు. నోరు విప్పితే మాత్రం అచ్చంగా కళింగపట్నం వైపు యాసే. ఎంత పెద్ద ఆఫీసరు వచ్చినా "ఏటి బాబూ, తిన్నారా?" అనే పలకరించేవారు. నేను గజపతినగరం దగ్గర రైతు ఇంటి పిల్లను. కాలేజీలో చేరిన రోజే నా యాసను ఇంట్లో వదిలేసి వచ్చినదాన్ని. అందుకని ఆవిడ మాట్లాడుతుంటే మొదట్లో ఆవిడ బదులు నాకు సిగ్గేసేది.

నాకు అప్పగించిన పని, పనిలో దెబ్బ తగిలినవాళ్లకు పరిహారం ఇచ్చే పాలసీలు. యజమాని దరఖాస్తు పెట్టుకుంటాడు. అతని వ్యాపారం ఏ తరగతికి చెందుతుందో మేం తేల్చాలి. గుమాస్తాలు కూర్చుని బిల్లులు రాసే దుకాణానికి అపాయం తక్కువ, ప్రీమియమూ తక్కువే. బరువులు ఎత్తి దించే గిడ్డంగికి ఎక్కువ. బండ్లు తిరిగే చోట ఇంకా ఎక్కువ. ఇంతోటి దానికి డిగ్రీ ఎందుకని అనుకున్నాను కూడా. పెద్ద బజారులో బియ్యం, పప్పులు, బెల్లం, చింతపండు టోకున అమ్మే సన్యాసిరావు గారి పాలసీ తిరిగి రాయాల్సి వస్తే, పాత కాగితం చూసి "దుకాణం" అని రాసి, సంతకానికి ఆవిడ బల్ల మీద పెట్టాను.

"ఏటమ్మా ఇది?" అన్నారు.

"కిరాణా హోల్‌సేల్ మేడమ్. ఎప్పటినుంచో ఇలాగే రాస్తున్నారు."

"రాస్తన్నారు సరే. ఎవులైనా ఎల్లి సూసినారా? పద."

ముందు వైపు నిజంగానే దుకాణం. పరుపు మీద సన్యాసిరావు గారు, పక్కన గుమాస్తాలు, గోడకు దేవుడి పటం, అగరొత్తుల పొగ. వెనక సందులోకి తిరిగితే వేరే లోకం. లారీకి వాలుగా వేసిన చెక్క మీదుగా కళాసీలు వీపున బస్తాలతో దిగుతున్నారు. లోపల బస్తాలు కప్పు దాకా పేర్చి ఉన్నాయి. రేకుల కింద ఆడవాళ్లు చింతపండులో గింజ తీస్తున్నారు. పొందూరు వైపు దుకాణాలకు సరుకు తీసుకెళ్లే వ్యాను గుమ్మంలో ఉంది. రూతమ్మ గారు అక్కడే ఒక బెల్లం బుట్ట పక్కన నిలబడి చాలాసేపు చూశారు. నాకు కాళ్లు పీకుతున్నాయి, కోపం కూడా వస్తోంది. అప్పుడన్నారు: "అమ్మీవోలు, మోసీవోలు, పిక్క తీసీవోలు, బండి తోలీవోలు. హోల్‌సేల్ అన్న ఒక్క మాటకి అందర్నీ ఒకే గాటన కట్టీసినావు. ఈలందరికీ ఒకే దెబ్బ తగులుతాదేటి?"

సన్యాసిరావు గారు చెడ్డమనిషి కాదు, లెక్క తెలిసిన మనిషి. గిడ్డంగిని, వ్యానును వేరే తరగతుల్లో రాసి ఎక్కువ ప్రీమియం కట్టడానికి ఒప్పుకున్నారు. కళాసీల దగ్గర మాత్రం ఆగిపోయారు. "ఆలు నా మనుషులు కారు అమ్మగారూ. జట్టోలు. ఇయాల నా సరుకు, రేపు ఇంకోడి సరుకు. ఆలని నా లెక్కలో ఎలగ రాస్తారు?"

"మీ గోడౌన్లో మీ బస్తా ఆలమీద పడితే, అప్పుడు ఎవులి మనుషులు?" అన్నారు ఆవిడ.

చివరికి ఆయన, రాయండి గాని పేర్లతో రాయండి, లేకపోతే రేపు బజారంతా నా జట్టే అంటారు అని షరతు పెట్టారు. న్యాయమైన షరతే. పని అయిపోయిందనుకుని కళాసీల జట్టు మేస్త్రి అప్పలస్వామి దగ్గరికి వెళ్లాను. దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడన్నట్టు, ఆయన అడ్డం తిరిగాడు.

"పేర్లు ఇవ్వం తల్లీ."

"మీ మంచికే కదా!"

"మంచికే. అయినా ఇవ్వం."

తిరిగి ఆఫీసుకొచ్చి, మేలు చేయబోతే కీడు ఎదురైందని నేను విసుక్కుంటే, రూతమ్మ గారు ఒక్కరే వెళ్లి అప్పలస్వామితో కూర్చున్నారు. అప్పుడు బయటపడింది సంగతి. ఆ జట్టులో సింహాచలం తాత అని ఒకాయన ఉన్నాడు. నడుం ఎప్పుడో పోయింది, బస్తా ఎత్తలేడు. అయినా రోజూ అందరితోపాటే వస్తాడు, బస్తాల వరస పక్కన పీట వేసుకుని కూర్చుంటాడు. సాయంత్రం కూలి పంచుకునేటప్పుడు ఆయనకూ సమానంగా వాటా ఉంటుంది. అది వాళ్ల కట్టుబాటు. బలమున్నన్నాళ్లూ మోసినవాడిని బలం పోగానే తీసెయ్యరు. పేరు రాస్తే, పక్కన పని కూడా రాయాలి. పని లేనివాడని తేలితే షావుకారు ఆయన్ని గిడ్డంగిలోకి రానివ్వడని వాళ్ల భయం. ఒక్క ముసలాయన కోసం జట్టు మొత్తం తమ రక్షణ వదులుకోడానికి సిద్ధపడింది. నాకది మూర్ఖత్వంలా తోచింది, ఆ మాటే అన్నాను.

"మూర్ఖులు కారమ్మా," అన్నారు రూతమ్మ గారు. "పడిపోయినోడికి నిలబడినోలు పెట్టడం. మన కంపెనీ సేసీ పని కూడా అదే కదేటి? ఈలు మనకన్నా ముందునుంచి సేస్తన్నారు."

అలాగని ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు రాసే మనిషి కాదు ఆవిడ. మర్నాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని మళ్లీ ఆ గిడ్డంగికి వెళ్లి, ఈసారి సింహాచలం తాతనొక్కడినే చూశారు. ఆయన ఊరికే కూర్చున్నాడనుకున్నాను. చూడగా చూడగా తెలిసింది. చెక్క కదిలితే "ఓలా, సెక్క!" అని అరుస్తాడు. లారీ వెనక్కి వస్తుంటే కర్రతో నేల మీద కొడతాడు. వరస ఒకవైపు ఒరిగితే "ఆ మూల నొక్కండర్రా" అంటాడు. కళాసీలు ఆయన వైపు తిరిగి చూడరు, కానీ ఆ గొంతు వింటే అడుగు మార్చుకుంటారు. తాతను కూడా బస్తాలు ఎత్తిదించేవాళ్ల తరగతిలోనే రాయమన్నారు ఆవిడ.

సన్యాసిరావు గారు ఊరుకోలేదు. "మొయ్యనోడికి కూడా మోసినోడి లెక్కేటి అమ్మగారూ?"

"బస్తాలు జారితే నిలబడినోడు గెంతీగలడు. కూకున్నోడు గెంతలేడు. ముందు పడీది ఆయన మీదే. మరి ఆయనకి అపాయం తక్కువని ఎలగ రాయమంటారు?"

ఆయన ఒప్పుకున్నారు, తాతను గిడ్డంగిలోకి రావద్దనలేదు. జట్టు పేర్లన్నీ ఇచ్చింది. ఆ రోజు ఆవిడ పక్కన బజారులో నడుస్తుంటే గర్వంగా అనిపించింది. తరగతి అంటే మనిషి ఎంత పని చేస్తాడన్నది కాదు, అపాయానికి ఎంత దగ్గరగా ఉన్నాడన్నది అని అప్పుడు అర్థమైంది.

మరుసటి వానాకాలంలో ఒక మధ్యాహ్నం అప్పలస్వామి తడిసిన బట్టలతో మా ఆఫీసు గుమ్మంలో నిలబడ్డాడు. లోపలికి రమ్మంటే రాలేదు.

"వరస జారిపోనాది తల్లీ. తాత అరిసినాడు. కిందున్న ఇద్దరూ గెంతీసినారు. ఆడే పీట మీంచి నెగనేకపోనాడు."

రూతమ్మ గారు కుర్చీలోంచి లేచి, మళ్లీ కూర్చున్నారు. "పోనాడా?" అని మాత్రం అడిగారు. అప్పలస్వామి తల ఊపాడు.

పరిహారం విషయం విచారించడానికి పెద్దాఫీసు నుంచి ఒక కుర్రాఫీసరు వచ్చాడు. అతన్ని తప్పు పట్టను, అడగవలసిందే అడిగాడు. నడుం పోయిన మనిషిని బరువులు ఎత్తేవాడిగా ఎలా రాశారని. అది తప్పుడు రాత అని తేలితే తాత భార్యకు మా కంపెనీ నుంచి పైసా రాదు. పదవీ విరమణ దగ్గరపడిన రూతమ్మ గారికి చివర్లో మచ్చ మిగులుతుంది.

"సింహాచలం చేసే పని ఏమిటి?" అని అతను అప్పలస్వామిని అడిగాడు.

"అరుస్తాడు బాబూ."

"అరవడం పనా?"

"ఆ ఇద్దర్నీ అడగండి," అన్నారు రూతమ్మ గారు. బయట అరుగు మీద ఉన్నవాళ్లను పిలిపించారు. అందులో ఒకడు, భుజానికి కట్టుతో ఉన్నవాడు, ఆఫీసరు ఎదుట నిలబడి చెప్పాడు: "ఆ అరుపు నాను ఇనకపోతే, ఇయాల మీరు నా గురించి రాసుకుందురు బాబూ."

కుర్రాఫీసరు పెన్ను పక్కన పెట్టి లేచాడు. తర్వాత వెళ్లి స్వయంగా గిడ్డంగి చూసొచ్చాడు. పరిహారం మంజూరైంది.

లేబర్ ఆఫీసులో ఆ ముసలమ్మ చేతికి చెక్కు అందిన రోజు నేను మిఠాయి పొట్లం తెచ్చి ఆవిడ బల్ల మీద పెట్టాను. రూతమ్మ గారు దాన్ని ముట్టుకోలేదు.

"మీరలా రాయబట్టే కదా మేడమ్," అన్నాను.

"రాసినాను. అదే నా ఏడుపు." కొంగుతో కళ్లద్దాలు తుడిచారు, తర్వాత కళ్లు. "ముందు పడీది ఆయన మీదే అని ఈ నోటితోనే అన్నాను పార్వతీ. నువ్వూ ఇన్నావు, షావుకారూ ఇన్నాడు. అంత తెలిసినదాన్ని, ఆ పీట కాస్త ఇవతలికి జరపండని ఒక్క ముక్క అన్నానా?"

నేనూ అక్కడే ఉన్నాను, ఆవిడ తెలివికి మురిసిపోతూ. సరిగ్గా రాశామన్న సంతోషంలో మా ఇద్దరికీ ఆ మాటే తట్టలేదు. మిఠాయి పొట్లం ఆ సాయంత్రం ఎవరూ విప్పలేదు.

ఆ తర్వాత రిటైరయ్యేలోపు ఆ బజారులో ఆవిడ జరిపించని పీట లేదు, లారీలకు వేయించని రెండో చెక్క లేదు. ఏ నిబంధనా మా మీద ఆ పని పెట్టలేదు. షావుకార్లు మొదట నవ్వారు, తర్వాత విసుక్కున్నారు, చివరికి ఆవిడ సందు మలుపు తిరగడం చూసి వాళ్లే బుట్టలు జరుపుకునేవారు. రూతమ్మ గారు పోయి కొన్నేళ్లయింది. సమాధుల దొడ్డిలో ప్రార్థన జరుగుతుంటే, వెనక వరసలో అప్పలస్వామి జట్టు తలగుడ్డలు తీసి నిలబడింది. నేను బిగ్గరగా ఏడ్చాను, ఏం సిగ్గుపడలేదు.

ఇప్పుడు ఆవిడ కూర్చున్నటువంటి కుర్చీలోనే నేనూ కూర్చుంటున్నాను. వ్యాపారాలను తరగతులుగా విడదీయడం బాగానే వచ్చింది, నా రాతకూ పెద్దాఫీసువాళ్లు వంక పెట్టరు. కానీ గిడ్డంగిలోకి వెళ్లగానే నా కళ్లు ముందు కూర్చున్నవాళ్లను వెతుకుతాయి: తూకం రాసే పిల్ల, గింజ తీసే ముసలమ్మ, అన్నం తింటున్న డ్రైవరు. వాళ్ల తల మీద ఏముందో చూస్తాను. "ఈ బల్ల అటు జరిపించండి," అంటాను. "బీమాకి వచ్చారా, వాస్తు చూడటానికి వచ్చారా మేడమ్?" అని వేళాకోళం చేస్తారు. నా వెనక నన్ను వాస్తు మేడమ్ అనుకుంటారని కూడా తెలుసు. అనుకోనీ. ముందు జరపండి బాబూ, నాను తరవాత రాస్తాను అంటాను. ఈ మాట నేను మా యాసలోనే అంటాను.