బతికున్న ఆర్డెలియాకు కొవ్వొత్తి

సోరోరిటీ అనే ఆ విద్యార్థినుల సంఘంలో చేరబోయే ఆడపిల్లల్ని హాస్టల్ పై అంతస్తు గదిలో ఒక్కొక్కరినే చీకట్లో కూర్చోబెడతారు. ఆర్డెలియా పెట్‌వే అక్కడ దయ్యమై తిరుగుతుందని నమ్మకం. ఆమెను చూసి జడుసుకుంటేనే చేరడానికి అర్హత.

"నిజంగా చూశాను, డీ అమ్మమ్మా! తెల్లగౌను, తడిజుట్టు. జ్వరమొచ్చి పోయిందట పాపం!" అంది రొనెట్, సెలవుకు మోబీల్ ఊళ్లోని అమ్మమ్మ ఇంటికి వచ్చి సంచీ కింద పెట్టకముందే.

అమ్మమ్మ బొబ్బర్లు వలుస్తోంది. "జ్వరమొచ్చినదానికి తడిజుట్టేంటే? తలంటి పంపారా?"

"నీకన్నీ వేళాకోళమే. ఆర్డెలియా పెట్‌వే అంటే మా ఆరుగురు స్థాపకుల్లో ఒకామె, తెలుసా?"

అమ్మమ్మ ఒళ్లోని గిన్నె జారి బొబ్బర్లు నేలంతా దొర్లాయి. పెళ్లై ఆమె మిసెస్ టాలివర్ అయింది, ఇంటిల్లిపాదికీ డీ అయింది. పుట్టింటి పేరును నిండుగా ఎవరి నోటా విని ఎన్నేళ్లో.

1938లో అలబామాలోని ఆ నల్లవారి కాలేజీలో ఆరుగురు అమ్మాయిలు ఆ సంఘం పెట్టారు. తెల్ల కెమీలియా పువ్వును ఎంచుకున్నారు. దివిటీ బొమ్మతో చిహ్నం గీసింది ఆర్డెలియా. దివిటీ కింద ఆమె పెట్టిన చుక్క చెమట చుక్క. ఆవిరిలో ఉడికిపోతూ కాలేజీ దుప్పట్లు ఉతికే ఆడవాళ్ల చెమట. మరుసటేడు కూలి పెంచమని వాళ్లు పని మానేస్తే, వాళ్ల పక్కన నిలబడ్డ విద్యార్థిని ఆమె ఒక్కతే. కాలేజీ ఆమెను వెళ్లగొట్టింది. మిగతా ఐదుగురూ కిమ్మనలేదు. పైగా స్థాపకురాల్ని గెంటేశారంటే పరువు తక్కువ, చచ్చిపోయిందంటే గౌరవం అనుకుని, జ్వరమొచ్చి పోయిందని చెప్పుకున్నారు. ఏ సంస్థకైనా అంతే, ఎదురుతిరిగే మనిషికన్నా పటంలోని మనిషి సుఖం. ఆర్డెలియా ఆ తర్వాత బతుకంతా ఒక లాండ్రీలో ఇస్త్రీ చేసింది. కాలేజీ మాట ఇంట్లో ఎత్తలేదు.

"దివిటీ కింది చుక్క ఏంటని చెప్పారే మీకు?"

"కన్నీటిబొట్టు. పోయినామె కోసం."

"ఆ పోయినదాన్ని నేనేనే."

రొనెట్ నవ్వబోయింది. అమ్మమ్మ ముఖం చూశాక, ఆ చీకటిగదిలోనూ పుట్టని చలి ఒంట్లో పుట్టింది. నేల మీది బొబ్బర్లు ఏరుతూ అంది. "ఆదివారం స్థాపక దినం అమ్మమ్మా. నన్ను చేర్చుకునేది ఆ రోజే. అప్పటిదాకా... చచ్చిపోయే ఉండవా?"

ఆ వారమంతా ఆర్డెలియా అద్దం ముందుకు వెళితే వెనక ఎవరో నిలబడ్డట్టు ఉండేది. తనే, ఇరవయ్యేళ్ల పిల్లగా. తను చచ్చిపోయిందని ఎవరూ చెప్పని పిల్ల.

ఆదివారం ఆమె బస్సెక్కి కాలేజీకి వెళ్లి, ప్రార్థనామందిరంలో వెనక వరసలో కూర్చుంది. వేదిక మీద తెల్లగుడ్డ కప్పిన ఖాళీ కుర్చీ ఉంది. స్థాపకుల పేర్లు పిలుస్తున్నారు, తెల్లబట్టల్లోని అమ్మాయిలు ఒక్కొక్కరి తరఫున పలుకుతున్నారు.

"ఆర్డెలియా పెట్‌వే!"

కొవ్వొత్తి పట్టుకున్న రొనెట్ ముందుకొచ్చింది. "ఆమె విశ్రమించింది" అంది స్పష్టంగా.

ఆర్డెలియా లేచింది. నడవ వెంట నడిచి వేదికెక్కి, తెల్లగుడ్డ పక్కకు లాగి ఆ కుర్చీలో కూర్చుంది.

సంఘం అధ్యక్షురాలు, పాతికేళ్లు కూడా లేని పిల్ల, వంగి గుసగుసగా అంది. "అమ్మగారూ, అది పోయినవాళ్ల కుర్చీ అండీ."

"తెలుసు తల్లీ. నాకోసమే వేశారట."

"ఎవరి తాలూకు ఈవిడ?" అంది అమ్మాయిలవైపు తిరిగి.

రొనెట్ నేల చూపులు చూసింది. ఎవరో మంచినీళ్లిచ్చారు, ఎవరో విసనకర్రతో విసిరారు. "పెద్దతనం పాపం" అన్నారు. పాట పాడి, రొమ్ముల మీద సంఘం గుర్తు పిన్నులు గుచ్చుకుని, ఆమెకు బట్ట కూడా తగలకుండా చుట్టూ తిరిగి దిగిపోయారు.

రొనెట్ ఒక్కతే ఆగింది. "లే అమ్మమ్మా, బస్సు వెళ్లిపోతుంది."

"అమ్మమ్మను ఇంట్లో. ఇక్కడ నాకో పేరుంది. ఆ పేరు పెట్టి పిలువు, వస్తాను."

"వాళ్లింకా గుమ్మంలోనే ఉన్నారు. వింటే నన్ను తీసేస్తారు."

"తీసేస్తారేమో. నన్నూ తీసేశారుగా."

రొనెట్ చెయ్యి కొత్త పిన్ను మీదికి వెళ్లింది. గుమ్మం వైపు చూసింది, కుర్చీ వైపు చూసింది.

"ఆర్డెలియా పెట్‌వే!"

"ఉన్నాను" అంటూ లేచింది ముసలామె.

గుమ్మంలో ఒకతి కెవ్వున అరిచింది.