గీతకు అర అంగుళం ఇవతల

పదిహేనేళ్లకు పైగా ఈ మాట నాలోనే ఉంది. పోలీసులు పట్టించుకునే నేరం కాదు. అయినా మోసి మోసి అలసిపోయాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెప్పగలుగుతున్నాను.

రెండువేల ఎనిమిది ప్రాంతంలో నేనూ ఓబులేసూ అనంతపురంలో ఒకే లేత్ షాపులో పనిచేసేవాళ్లం. నాకంటే ఆరేళ్లు చిన్నవాడు. పని నా దగ్గరే నేర్చుకున్నాడు, రెండేళ్లకే నన్ను మించిపోయాడు. ఒకరోజు బెంగళూరు నుంచి ఒకాయన వచ్చాడు. బండరాళ్లెక్కే రిమోట్ జీపులు తయారుచేసే చిన్న వర్క్‌షాపు ఆయనది. జీపు మూరెడు పొడవుంటుంది, అంతే. గేర్‌బాక్సు నుంచి చక్రాలను తిప్పే షాఫ్టులు ప్లాస్టిక్‌వి, రాళ్ల మీద మెలి తిరిగి విరిగిపోతున్నాయట. ఇనుముతో చేయమని మా ఇద్దరికీ చెరొక జీపు ఇచ్చాడు. ఎవరి షాఫ్టు నిలిస్తే వాళ్లకు తన దగ్గర ఉద్యోగమన్నాడు.

నేను లావు కమ్మీ తీసుకున్నాను. గట్టిగానే ఉంది గానీ ఆ బరువుకు జీపు ముక్కుతూ ఎక్కేది. ఓబులేసు సన్నటి స్టీలు గొట్టం తీసుకుని, అందులో జారే కమ్మీ అమర్చాడు. చక్రం గుంతలోకి దిగినప్పుడు ఆ కమ్మీ బయటికి సాగాలి, ఊడిపోకూడదు. జీపును ఎత్తిపట్టి, చక్రాలు వేలాడదీసి, ఒక పూటంతా కొలిచాడు. చూస్తూనే నాకు అర్థమైపోయింది, ఉద్యోగం అతనిదే.

అప్పుడు వాన పడింది. ఆ ఏడాది మొదటి పదును. మావైపు పదునైతే పనిలో ఎవరూ నిలవరు, వేరుశనగ విత్తడానికి ఊళ్లకు పరుగెత్తుతారు. ఓబులేసు కమ్మీ మీద గీత గీసి, అక్కడికి కోసి బిగించమని నాకు అప్పగించి ఉరవకొండ బస్సెక్కాడు. నాకు చేను లేదు. ఉన్నదల్లా చేతిలో పని ఒక్కటే. అదే నన్ను చెడగొట్టిందా? లేక ఇప్పుడు చెప్పుకోవడానికి దొరికిన సాకా?

గీతకు అర అంగుళం ఇవతల కోశాను. చేయి జారలేదు. గీత ఉన్న ముక్క పారేశాను.

విత్తనం వేసి వచ్చాడు. ఊరి బయట గుట్ట మీద బెంగళూరాయన ముందు జీపులు ఎక్కించాం. ఓబులేసుది రెండు రాళ్లు సునాయాసంగా ఎక్కింది. మూడో రాయి మీద చక్రం వేలాడగానే కమ్మీ గొట్టంలోంచి ఊడిపోయింది. నాది ముక్కుతూ మూలుగుతూ పైకి చేరింది.

ఓబులేసు కమ్మీని చేతిలోకి తీసుకుని చాలాసేపు చూశాడు.

"కొలత నేనే తప్పినానన్నా. మబ్బు చూసుకుంటా గీసినా. మనసంతా చేను మీదనే ఉండె."

"పోనీలేప్పా, అయితాంటాది," అన్నాను.

బెంగళూరాయన ఇంకా అక్కడే ఉన్నాడు. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. ఎందుకు చెప్పలేదు? కోసిన దానికంటే ఆ ఓదార్పు మాటే నన్ను ఎక్కువ సిగ్గుపరుస్తుంది.

బెంగళూరులో నాలుగేళ్లు పనిచేసి తిరిగొచ్చాను. గుట్ట మీద ఓడిపోయినప్పటి నుంచి ఓబులేసు ప్రతి కొలతా మూడుసార్లు చూసుకుని, కోసేముందు పక్కవాణ్ణి పిలిచి చూపించేవాడట. అంత నిదానమైన పనివాణ్ణి ఏ షాపూ ఉంచుకోలేదు. ఇప్పుడు ఊళ్లో, వానొచ్చిన ఏడు, చేను చేసుకుంటున్నాడు. బస్టాండులో కనిపిస్తే అన్నా అని చేయి పట్టుకుంటాడు. చెప్పాలనే నోరు తెరుస్తాను. వాన పడిందా అని అడిగి వచ్చేస్తాను.

క్షమించమని మిమ్మల్ని అడగను, అది మీ చేతిలో లేదు. అతనికి చెప్పే ధైర్యం ఎప్పటికైనా వస్తుందో రాదో. కనీసం ఒకచోట రాసి ఉండాలి. ఓబులేసు కొలత తప్పలేదు.