మెత్తబరిచిన జర్మన్ మాట

ఫిల్మ్ నగర్‌లో సినిమాలకు ఇంగ్లీషు సబ్‌టైటిళ్లు రాసే ఆఫీసులో నా ఉద్యోగం. ఆదివారాలు మా చర్చి సంఘంలో, బయటి నుంచి వచ్చే బోధకుల ఇంగ్లీషు ప్రసంగాన్ని పక్కన నిలబడి తెలుగులో చెబుతాను. బోధకుడు మరీ ఘాటుగా ఏదైనా అంటే, వినేవాళ్లు నొచ్చుకోకుండా కాస్త మెత్తబరుస్తాను. ఎవరూ తప్పు పట్టరు. ఆమెన్ అంటారు.

సంఘంలోనే, నేను చెల్లెలుగా చూసుకునే ఒకమ్మాయి సువార్తల మీద పీహెచ్‌డీ చేస్తోంది. ఒక జర్మన్ పండితుడి వ్యాసాన్ని ఇంగ్లీషులోకి అనువదించమంది. బైబిలు కళాశాలలో నేను జర్మన్ నేర్చుకున్నాను. రెండో పేజీలో ‘గెమైండెబిల్డుంగ్’, అంటే ‘సంఘం కల్పన’, అనే మాట దగ్గర ఆగిపోయాను. ప్రభువు పలికాడని మనం చదివే ఒక మాట ఆయనది కాదనీ, తొలినాటి సంఘం కల్పించుకున్నదనీ ఆ పండితుడి వాదన. అర్థం తెలియక కాదు, నా చేత్తో రాయడానికి భయమేసింది. ‘సంఘం భద్రపరచిన మాట’ అని ఇంగ్లీషులో రాసి, ప్రార్థన చేసుకుని మరీ పంపాను.

నెల తర్వాత ఫోన్ చేసింది.

“వందనాలన్నా! ఆ జర్మనాయన మన దిక్కే ఉన్నడు గదా. మూడో అధ్యాయం మొత్తం ఆయన మీదనే నిలబెట్టిన. సాయంత్రం మా గైడ్‌కు ఇస్తున్న. ఆయనకు జర్మన్ మస్తుగ వస్తది, ఖుషీ అయితడు.”

అబద్ధసాక్ష్యం పలకకూడదని సండేస్కూల్లో పిల్లల చేత వల్లె వేయించేది నేనే. చెబితే సంఘంలో నా పరువు ఏమవుతుంది? చెప్పకపోతే ఆమె చదువు ఏమవుతుంది?

“ఇవ్వకమ్మా. మా ఆఫీసు దగ్గరికి రా” అన్నాను.

వెంగళరావు నగర్ నుంచి ఆటోలో వచ్చింది. కింద టీ కొట్టు దగ్గర చెప్పేశాను. గ్లాసు ఆమె చేతిలోనే ఉండిపోయింది.

“తెలిసే రాసిండ్రా?”

“తెలిసే రాశాను.”

“చదివి నా విశ్వాసం పోతదనుకున్నరా? గసొంటోళ్లకు జవాబు చెప్పనీకే గదా ఈ చదువంతా!” గొంతు తగ్గించింది. “స్టేజీ మీద గూడ గిట్లనే చేస్తరా అన్నా?”

నా అనువాదం కాగితం, పెన్ను నా ముందు పెట్టింది. ‘భద్రపరచిన’ కొట్టేసి ‘కల్పించుకున్న’ అని ఇంగ్లీషులో రాశాను. ఆమె అక్కడే గైడ్‌కు ఫోన్ చేసి, తిట్లు తిని, నెల గడువు తీసుకుంది.

ఆ ఆదివారం రెండో వరుసలో కూర్చుని నన్నే చూస్తోంది. బోధకుడు ఇంగ్లీషులో, “మీలో సగంమంది ఇక్కడ నటిస్తున్నారు” అన్నాడు. ఆమె చుట్టూ కూర్చున్నదంతా జూనియర్ ఆర్టిస్టులే. మైకు రెండు చేతులతో పట్టుకుని, అన్నది అన్నట్టే చెప్పాను.

ఎవరూ ఆమెన్ అనలేదు.