చీర మడతలో కాగితం, బండి టైమింగు

గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు మూడు జిల్లాలూ గాలించినా పాత మోటార్‌సైకిల్ టైమింగును ఒట్టి చెవితో సరిచేసే మొనగాణ్ణి నేనొక్కణ్ణే. అయిజ నుంచి తెలకపల్లి దాకా మెకానిక్‌లందరూ చేతులెత్తేసిన బళ్లు మా వాకిట్లో వరుస కట్టేవి. నేను లోపల చాయ్ తాగుతూనే, "మూడోదానికి నిప్పు ఆలస్యంగా పడుతోంది" అని చెప్పేవాణ్ణి.

సరే, వరుస లేదు. మెకానిక్ ఒకడొచ్చాడు, నేను అడిగి తెచ్చుకుని మరిచిపోయిన పానా కోసం. చాయ్ మాత్రం నిజం.

పోయిన ఎండాకాలం సంగతి. నా బండి ముప్పై ఏళ్ల పాతది, కార్బురేటర్, పాయింట్లు ఉన్న రకం. యాక్సిలరేటర్ వదిలితే చాలు, టప్పున ఆగిపోయేది. మా ఆవిడకు మోకాళ్ల నొప్పులు. నా భుజం పట్టుకుని కాలు పైకి పెట్టేలోపు ఇంజను ప్రాణం పోయేది. స్లో స్క్రూ బాగా బిగించాను. అప్పుడది నిలబడ్డచోటే నూర్పిడి మిషన్‌లా అరుస్తూ, గేరు పడగానే ముందుకు దూకేది.

"ఆగితే ఆగుతది, లేకుంటే ఉరుకుతది. మనిషి ఎక్కేది ఎప్పుడు?" అంది ఆవిడ. ఇంకో మూడు రోజుల్లో శ్రీరంగాపూర్‌లో వాళ్లక్క మనవడి పుట్టువెంట్రుకలు. "గప్పటికి గూడ గిట్లనే ఉంటే, నేను మా తమ్ముని ఎనక కూసొని పోత."

ఆ తమ్ముడిది బ్యాటరీ బండి. చప్పుడుండదు, పొగుండదు, దయ్యంలా పక్కకొచ్చి నిలబడతాడు.

"బావా, నా బండికి ఇంజినే లేదు. ఇగ ఖరాబయ్యేది ఏడిది?" అని పళ్లికిలించాడు.

ముప్పై ఏళ్లు నా వెనక కూర్చున్న మనిషి ఆ మూగబండి ఎక్కుతుందా!

అసలు రోగం స్లోలో లేదు, టైమింగులో ఉంది. పాయింట్లంటే ఇంజను తిరుగుతుంటే కలుస్తూ విడిపోతూ ఉండే రెండు లోహపు బిళ్లలు; అవి విడిపోయిన క్షణమే ప్లగ్గులో నిప్పు పడుతుంది. ఆ క్షణం దొరకాలంటే వాటి మధ్య పల్చటి కాగితం పెట్టి, మెల్లగా లాగుతూ ఇంజను తిప్పాలి. కాగితం జారిన చోట ఇంజను మీదున్న రెండు గుర్తు గీతలు ఎదురెదురుగా రావాలి. అంత పల్చటి కాగితం మా ఇంట్లో ఒక్కచోటే ఉంది. బీరువాలో, ఆవిడ గద్వాల చీర మడతలో.

రెండో రోజు లోపల్నుంచి కేక వినిపించింది. "నా చీరలకెల్లి కాయిదం ఎవరు తీసిండ్రు?"

నేనప్పుడు వాకిట్లో, బండిని టాప్ గేరులో వేసి, ఒక చేత్తో వెనక చక్రం తిప్పుతూ, ఇంకో చేత్తో కాగితం లాగుతూ పరేషాన్‌లో ఉన్నాను. కాగితం నాలుగుసార్లు చిరిగింది. ఆవిడ వచ్చి చూసింది. తిట్టాల్సినంత తిట్టి, పీట వేసుకుని కూర్చుంది.

"జరుగు. గట్ల గుంజితె తెగుతది. పోగు పట్టినట్టు పట్టాలె."

ఆవిడ పుట్టింది మగ్గమున్న ఇంట్లో. పట్టుపోగు ఎప్పుడు బిగిసిందో, ఎప్పుడు వదులైందో ఆ వేళ్లకు చూడకుండానే తెలుసు. తిప్పమంది. తిప్పాను.

"ఏందయ్యా, బండి ముంగటికి పోతదా, ఎనకకు పోతదా?"

"ముంగటికే."

"మరి చక్రం ఎనకకెందుకు తిప్పుతున్నవ్?"

రెండు రోజులుగా ఉల్టా తిప్పుతున్నానన్నమాట. దీని గురించి ఇంతకుమించి రాయను.

ముందుకు తిప్పాను. "ఆఁ, వదిలింది" అంది. పాయింట్ల ప్లేటు వెంట్రుకవాసి జరిపి మళ్లీ తిప్పాను. నాలుగోసారికి గీతలు కలిశాయి. ఇంజను బాగా వేడెక్కాక స్లో తగ్గించాను. దుగ్... దుగ్... దుగ్... అన్నం తిని కునుకు తీసే మనిషి గురకలా ఉంది. కాబట్టి, టైమింగు పెట్టింది నా చెవి కాదు, ఆవిడ వేళ్లు. ఒప్పుకుంటున్నాను.

ప్రయాణం నాటి పొద్దున బండి స్టార్ట్ చేసి వాకిట్లో వదిలేశాను. వాడకట్టు వాళ్లను ఒక్కొక్కరినే పిలిచి ఆ గురక వినిపించాను. ఆవిడ తీరిగ్గా కొంగు సర్దుకుని, నా భుజం పట్టుకుని, ఊఁ అని ఎక్కింది. ఇంజను ఆగలేదు. శ్రీరంగాపూర్ దాకా ఎక్కడా ఆగలేదు. బామ్మర్ది బ్యాటరీ బండి మా దుమ్ములో కలిసిపోయింది.

ఇంతవరకు రాసి ఆవిడకు చదివి వినిపించాను.

"ఆగకేమి? సగం తొవ్వల ఆగింది. వాడకట్టుకంత ఇనిపిచ్చుడుకే పెట్రోల్ ఒడిసె. నువ్వు తోసుకుంట వచ్చినవ్, నేను తమ్ముని ఎనక కూసొని పోయిన. గది రాయి."