ఖాళీ సీట్ల లెక్క

తిరుమంగళం అవతల మా ఊరి నుంచి మదురై మిల్లుకు పొద్దున షిఫ్టు ఆడవాళ్ళను చేర్చే బస్సు ఒక్కటే ఉండేది. సీట్లన్నీ చిరుగులు, వాన పడితే లోపలా వానే. అయినా ఇసుక వేస్తే రాలనంత జనం. వాళ్ళలో మా మేనత్త ఒకతె. మిల్లులో నూలు చుట్టే పని ఆమెది.

నేనప్పుడు బస్సుల ఆఫీసులో గుమాస్తాను. ఏ రూటులో బండి ఎలా ఉంది, ఎందరు ఎక్కుతున్నారు అని తిరిగి చూసి రాయడం నా పని. ఎక్కడ డబ్బు పెట్టి కొత్త బండి వేయాలో, ఏది ఆపాలో నా కాగితాన్ని బట్టే పైవాళ్ళు తేల్చేవారు. మా రూటు వంతు రాగానే నోరు ఊరుకోక, ఫలానా రోజు వస్తున్నానని అత్తకు ముందే చెప్పాను.

ఆ పొద్దున వెళ్ళేసరికి బస్సు కడిగి, పసుపు కుంకుమ పెట్టి ఉంది. లోపల అత్త, ఇద్దరు ముసలివాళ్ళు. అంతే.

"మిగతావాళ్ళేరి అత్తా?"

"మన బిడ్డ ఆఫీసరుగా వస్తా ఉండాడు, కూట్టంలో, అంతమంది జనంలో నలగకూడదని అందరూ ముందే నడిచి పోయినారు నాయనా. మెయిన్ రోడ్డులో వేరే బండి పట్టుకుంటారు. నువ్వు వసదిగా కూర్చో."

దారిలో కనిపించారు. క్యారియర్లతో రోడ్డు అంచున నడుస్తూ నాకు చేతులూపారు. బస్సు ఆపించినా ఒక్కరూ ఎక్కలేదు. వచ్చినవాడికి పీట వేసి తాము నిలబడే మనుషులు మావాళ్ళు. ఖాళీ బండి చూపిస్తే, కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు ఉన్న బస్సూ పోతుందని వాళ్ళకు నేనే చెప్పాలి. చెప్పలేదు. సిగ్గు విడిచి చెబుతున్నాను, ఆ మర్యాదకు నేను పొంగిపోయాను కూడా.

మర్నాడు చెప్పాపెట్టకుండా మళ్ళీ వెళ్ళి లెక్కపెట్టవచ్చు. ఏ రూలూ అడ్డురాదు. కానీ తనవాళ్ళ కోసం రాశాడని ఆఫీసులో అంటారేమోనని భయపడ్డాను. 'ముగ్గురు' అని రాసి సంతకం పెట్టాను. దానికి నిజాయితీ అని పేరు పెట్టుకున్నాను గానీ, అది ఒట్టి పిరికితనం.

నెల తిరక్కుండానే బస్సు ఆపేశారు. ఆడవాళ్ళకు రోజూ మెయిన్ రోడ్డు దాకా నడకే అయింది. కొందరు పని మానేశారు. మోకాళ్ళు సహకరించక అత్త కూడా మానేసింది.

ఆమె పోయేదాకా, బస్సు గురించి ఎవరడిగినా ఒకటే మాట: "మావాడు మంచిగానే రాసినాడు. పైవాళ్ళే కొట్టేసినారు."

నేను పక్కనే కూర్చుని వినేవాణ్ణి. ఒక్కసారీ కాదనలేదు.