నడుము లోతు వాగు, తెలుగు పేపరు

పినపాక దాటి అడవిలోకి వెళ్తే తారు రోడ్డు ఒక వాగు దగ్గర ఆగిపోతుంది. అవతల ఎర్రమట్టి బాట. దాని చివర మా క్యాంపు. జూన్ నెల మధ్యాహ్నం లారీ దిగాను. వాన ఇంకా రాలేదు. రేకుల బ్యారక్, చుట్టూ ఇసుక బస్తాలు, మూలన కాపలా మోర్చా. వీపున సంచి, చేతిలో రైఫిల్, గొంతు నిండా దుమ్ము.

మాది బోనకల్ పక్కన పల్లె. అప్పటిదాకా నా సర్వీసంతా కశ్మీర్‌లో, ఈశాన్యంలో గడిచింది. సొంత జిల్లా అంచున పోస్టింగ్ రావడం అదే మొదలు. క్యాంపులో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. అందుకే కంపెనీ కమాండర్ వారం తిరక్కుండా పిలిచారు.

"పక్క ఊళ్లో కొందరు పెద్దవాళ్లు ఓపెన్ టెన్త్ కట్టారు. తెలుగు చెప్పేవాళ్లు లేరట. నువ్వు చెప్తావు," అన్నారు హిందీలో.

"సార్, నేను సిపాయిని. టీచర్ని కాను."

"పది పాసయ్యావా?"

"అయ్యాను సార్."

"వాళ్లు కాలేదు. ఆ తేడా చాలు."

మొదటి సాయంత్రం ఆ ఊరి బడి వరండాలో కూర్చున్నాను. రైఫిల్ ఒళ్లో ఉంది. ఎవరూ రాలేదు. చీకటి పడేముందు ఒకావిడ వచ్చి మెట్టు కిందే నిలబడింది. అంగన్‌వాడీలో ఆయా. పేరు సమ్మక్క. నలభై దాటి ఉంటాయి. పది పాసైతేనే ఉద్యోగంలో ముందుకు దారి ఉందని పైవాళ్లు చెప్పారట.

"సార్, ఏమనుకోకు. గా తుపాకి చూసి ఎవ్వరూ రారు. ఎందుకు పోయిన్రని అడివిల ఉన్న అన్నలు అడుగుతరు, ఎవరొచ్చిన్రని మీ క్యాంపోళ్లు అడుగుతరు. నడిమిట్ల నలిగేది మేమే."

ఆయుధం లేకుండా గేటు దాటకూడదని మాకు ఆర్డరు. తిరిగి వెళ్లి కమాండర్‌కు ఆ మాట ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన గడ్డం గోక్కున్నారు.

"రైఫిల్ నీ జోడీ దగ్గర ఉంటుంది. అతను నీకు కనబడాలి. వాళ్లకు కనబడకూడదు."

డ్యూటీలో ఎప్పుడూ నాతో జంటగా తిరిగే నా జోడీ వైర్‌లెస్ ఆపరేటర్, అస్సాం కుర్రాడు. మర్నాటి నుంచి నేను మామూలు చొక్కాతో వరండాలో, అతను రెండు రైఫిళ్లతో బోరింగు వెనక గుబురులో. మెల్లగా జనం వచ్చారు. ముందు సమ్మక్క, తర్వాత ట్రాక్టర్ నడిపే జోగయ్య, ఆ తర్వాత ఇంకొందరు. జోగయ్య కూతురు హాస్టల్లో ఉండి పది పాసైంది. సెలవులకు వచ్చినప్పుడల్లా తండ్రిని ఆటపట్టిస్తుందట.

"నా బిడ్డ ముంగట ఒక్కసారన్న నిలవడాలె సార్," అన్నాడు.

వాళ్లు ఇంట్లో మాట్లాడేది వేరే భాష. తెలుగు వాళ్లకు సంతలోదీ, పనిలోదీ. జోగయ్య అక్షరం అక్షరానికి తడబడేవాడు. మందబుద్ధేమో అనుకున్నాను. ఒకరోజు మా క్యాంపు కంపాండర్ అటుగా వచ్చి, జోగయ్య పుస్తకాన్ని చేయి చాచి పట్టుకోవడం చూసి నవ్వాడు. "అతనికి చదవడం రాక కాదు, దగ్గరివి కనబడక," అన్నాడు హిందీలో. మెడికల్ క్యాంపు కోసం తెచ్చిన కళ్లద్దాల్లోంచి ఒక జత ఇచ్చాడు. జోగయ్య పెట్టుకుని పేజీ చూశాడు, చెట్లు చూశాడు, మళ్లీ పేజీ చూశాడు. "అరె, గీ ఒత్తులు ఇంత సన్నగుంటయా!" అన్నాడు. ఆరోజు పాఠం ముందుకు సాగలేదు. అందరూ వంతుల వారీగా ఆ అద్దాలు పెట్టుకున్నారు.

సమ్మక్క సంగతి వేరు. చదవడం వచ్చేది. పరీక్షలో అపరిచిత గద్యం అని ఒక ప్రశ్న ఉంటుంది. కొత్త పేరా చదివి సొంత మాటల్లో జవాబులు రాయాలి. తర్వాత ఒక వ్యాసం. అక్కడ పెన్ను ఆగిపోయేది.

"నాకు చెప్పుడొస్తది. రాసుడు రాదు."

"సరే, చెప్పక్కా. మిరపకాయలు ఏరేటప్పుడు ఎట్లుంటది?"

ఆయాగా చేరకముందు ఆమె ప్రతి ఏటా మిరప కోతలకు మా బోనకల్ వైపు వచ్చేదట. చెప్పడం మొదలుపెట్టింది. చేతులు మండితే మజ్జిగలో ముంచడం, సాయంత్రం కళ్లు తుడుచుకోవాలన్నా భయపడటం, పరదాల గుడిసెల్లో పాటలు పాడుకోవడం. వరండా అంతా నవ్వింది. మా పొలం గట్టు నాకు కళ్లముందు కదిలింది.

"ఇప్పుడు చెప్పిందే రాయి."

"గట్ల రాస్తే మార్కులేస్తరా?"

"వేస్తరు. ముందు రాయి. భాష తర్వాత దిద్దుకుందాం."

ఒక వాక్యం రాసింది. మర్నాడు రెండు. అంతకు మించి కదలలేదు. అటు బోరింగు వెనక అస్సాం కుర్రాడు మాత్రం వింటూనే గుణింతాలు నేర్చేసుకున్నాడు. ఇసుకలో పుల్లతో తన పేరు తెలుగులో రాసి నాకు చూపించాడు.

పరీక్షలు అక్టోబర్‌లో. తెలుగు పేపరు రోజు తెల్లారే సరికి కుండపోత. వాగు పొంగింది. పరీక్ష పినపాకలో, తొమ్మిదింటికి. మేం వెళ్లేసరికి అందరూ ఒడ్డున నిలబడి ఉన్నారు. సమ్మక్క హాల్ టికెట్‌ను పాలిథిన్ కవర్లో చుట్టి కొప్పులో దోపుకుంది.

"పోయినట్టే సార్. మళ్లా ఎండాకాలందాకా ఆగాల్నా?" అంది.

కుర్రాడు వైర్‌లెస్ సెట్లో క్యాంపును పిలిచాడు. కమాండర్ గొంతు గరగరలాడుతూ వచ్చింది.

"నీళ్లెంత?"

"నడుము దాకా సార్."

"తాడు కట్టండి. నడుము దాటితే అందర్నీ వెనక్కి తీసుకురా. అది ఆర్డరు."

ఇద్దరం ముందు దాటి అవతలి మద్దిచెట్టుకు తాడు కట్టాం. ఒక్కొక్కర్నే దాటించాం. జోగయ్య కళ్లద్దాలను దారంతో చెవులకు కట్టుకున్నాడు. నడివాగులో కాలు జారింది. మునిగాడు, లేచాడు. చెప్పులు కొట్టుకుపోయాయి, అద్దాలు ఉన్నాయి. సమ్మక్క దాటుతుంటే నీళ్లు ఆమె నడుము పైకి వచ్చాయి. నేను ఆర్డరు సంగతి చెప్పి ఆగాను. "నడుము దాటింది నాకు, నీకు కాదు సార్, పద," అని నా చేయి గట్టిగా పట్టుకుంది. నిజమే, నాకింకా నడుము దాటలేదు. ఆర్డరు మీరలేదు. అవతల ఆటో దొరికింది. గంట కొడుతుండగా పరీక్ష సెంటర్ గేటు చేరాం.

ఫలితాలు వచ్చినరోజు కూడా నేను అక్కడే ఉన్నాను. తెలుగులో ఇద్దరూ పాస్. జోగయ్య లెక్కలు పోయాయి. "లెక్కలు ఆ బోరింగు సార్‌ను చెప్పమను," అన్నాడు. గుబురు సంగతి వాళ్లకు ఎప్పుడో తెలుసన్నమాట. కుర్రాడు నిజంగానే లెక్కలు చెప్పాడు. ఎండాకాలం పరీక్షల్లో అవీ గట్టెక్కాయి.

తర్వాత బదిలీ, ఆపైన రిటైర్మెంట్. ఇప్పుడు బోనకల్‌లో మిరప తోట చూసుకుంటున్నాను. ఊళ్లోవాళ్లు అడివి గురించి అడుగుతారు, కాల్పుల గురించి అడుగుతారు. ఉన్నంతవరకు చెప్తాను. కానీ ఒంటరిగా ఉన్నప్పుడు నాకు కనబడేది మాత్రం ఒకటే.

ఆరోజు పరీక్ష జరుగుతున్నంతసేపూ తడి బట్టలతో గేటు బయట నిలబడ్డాను. అక్కడినుంచి మొదటి గది కిటికీ కనిపిస్తుంది. లోపల సమ్మక్క తల వంచుకుని ఉంది. జుట్టులోంచి ఇంకా నీళ్లు కారుతున్నాయి. పేపరు తడవకుండా ఎడమచేత్తో తుడుచుకుంటూ రాస్తోంది. మధ్యలో తనలో తాను నవ్వుకుంది. ఉన్నట్టుండి కుడిచేయి పైకెత్తింది. తడి గాజులు మోచేతి దాకా జారాయి. వాన చప్పుడు మీదుగా నాకు వినబడేంత గట్టిగా గదిలోని ఇన్విజిలేటర్‌ను అడిగింది:

"సార్, ఇంకో కాయితం ఇయ్యరా? పట్టుతలేదు."