షడ్డకుడు పోసిన సాక

పోయిన నెల మా అల్లుడు నా మణికట్టుకు ఒక నల్లటి గడియారం కట్టిండు. టైం చూసుకునేటందుకు గాదట, రాత్రి ఎట్ల నిద్రపోయినమో తెల్లారి అది చెప్తదట. డెబ్బయి దాటిన మనిషికి తన నిద్ర సంగతి ఇంకొకరు చెప్పాల్నా అని మనసుల అనుకున్న గని, అల్లుడు ముచ్చటపడి తెచ్చింది వద్దనలేక కట్టించుకున్న. మొన్న ఒక దోస్తు ఇంట్ల మాపటి పూట రెండు గిలాసల ఈత కల్లు తాగి వచ్చి పండుకొని, తెల్లారి చాయ తాగుకుంట, ఊరు తగలబడ్డా తెల్వనంత నిద్ర పట్టిందని అందరి ముందట గొప్పలు చెప్పుకుంటుంటే, అల్లుడు ఆ గడియారం దిక్కు చూసి కిసుక్కున నవ్విండు. నడుమ చానాసేపు మేల్కొనే ఉన్ననట, పట్టిన కొంత నిద్ర గూడ పైపైదేనట. రెండు గిలాసలన్న గద, నిజానికి మూడు. ఆ మూడోది గూడ ఎక్కడ బయట పెడ్తదో అని అంగీ చెయ్యి గడియారం మీదికి గుంజుకున్న.

అల్లుడు నవ్వుతుంటే నాకు మా షడ్డకుడు యాదికొచ్చిండు. కొందరు తోడల్లుడంటరు, మా దిక్కు షడ్డకుడంటరు. మా ఆవిడ అక్క పెనిమిటి. నేను జిందగీల ఒక్క మనిషిని చూసే కుళ్లుకున్న, అది ఆయన్నే. ఈ మాట గూడ కొంచెం దిద్ది చెప్పాలె. చానామందిని చూసి కుళ్లుకున్న గని, వాళ్లను చూసి కుళ్లుకునుడు సద్దన్నం లెక్కనైతే, ఆయన్ను చూసి కుళ్లుకునుడు పండుగ భోజనం.

ఆ రోజులల్ల నేను కామారెడ్డిల స్టేషన్ రోడ్డు మీద కుట్టుమిషిని పెట్టుకొని ఉంటి. కామారెడ్డి మొత్తంల నా అంత కటింగు మాస్టర్ లేడని చెప్పుకునేటోణ్ణి. కామారెడ్డి మొత్తం అంటే మా గల్లీ అనుకోండ్రి. మా గల్లీల ఇంకో టైలరు లేకపోవుడు గూడ నాకు కలిసొచ్చింది. అత్తగారిల్లు ఎల్లారెడ్డి పక్కన పల్లె. తీరిక దొరికినప్పుడల్లా, లేదంటే మా ఆవిడ ముఖం చిన్నబుచ్చుకున్నప్పుడల్లా, దుకాణం మూసి ఇద్దరం బస్సెక్కి పోయేటోళ్లం. షడ్డకుడు గూడ రాజంపేట దిక్కు నుంచి పెండ్లాన్ని తోలుకొని వచ్చేటోడు. మా మామకు పొలం గట్టు మీద ఈత చెట్లుండె, వాటిని గీసే గౌడుతోని ఆయనకు వాడిక, అంటే మాపటి పూట దించిన కల్లుల ఇంత మా ఇంటికి అని ఏండ్ల నాటి కట్టుబాటు. అల్లుండ్లు వచ్చిన్రంటే మామ మమ్మల్నిద్దర్ని గట్టు మీద కూసుండబెట్టుకొని, లొట్టి, అంటే కల్లు కుండ, వంచి, తాటాకు మడిచిన రేకలల్ల తన చేతులతోని సమానంగ పోసేటోడు. గిలాస అయితే పక్కకు పెట్టొచ్చు గని రేకను కింద పెట్టరాదు, పెడితే వొలికిపోతది, అందుకున్నంక తాగాల్సిందే. వద్దనుడనే మాట ఆ ఇంట్ల లేదు. "కల్లు వద్దన్న అల్లుడు రేపు బిడ్డను గూడ వద్దంటడు" అనేటోడు మామ. నవ్వుకుంటనే అనేటోడు గని ఆ నవ్వు మీసాల కాడనే ఆగేది, కండ్ల దాక రాకపోయేది.

మా షడ్డకుడు సేద్యం మనిషి. మాట తక్కువ, మీసం ఎక్కువ. రేక చేతికి రాంగనే "ఎల్లమ్మకు సాక పోసొస్త మామా" అని లేచి గట్టు అవతల పొదల చాటుకున్న ఎల్లమ్మ రాయి కాడికి పోయేటోడు. తాగే ముందు దేవతకు కొంచెం ధార పోసుడును సాక అంటరు. మేమందరం కూసున్న కాడనే వేలు ముంచి నాలుగు చుక్కలు నేల మీద చిలకరించి, ఎల్లమ్మ తల్లి ఎక్కడున్నా అందుకుంటదిలే అని కానిచ్చేటోళ్లం. ఈయనకు మాత్రం రాయి మీదనే పోయాలె, రేక రేకకూ పోయాలె. తిరిగొచ్చేసరికి రేక ఖాళీ, మీసాలకు తెల్లటి నురుగు. అక్కడనే నిలబడి ఒక్క గుక్కల పట్టిచ్చిండు అనుకునేటోళ్లం. ఆ భక్తికి మా అత్త కరిగిపోయేది, ఆ తాగుడుకు మా మామ మురిసిపోయేటోడు. ఒక్క కల్లుతోని అత్తను, మామను ఇద్దర్నీ గెలిచిన అల్లుణ్ణి ఇంకెక్కడ జూడలే.

అంత తాగి ఆయన అన్నం తిని మంచంల ఒరిగిండంటే గురక మొదలయ్యేది. కోడి కూయంగనే లేచి, మామ మడికి నీళ్లు మలిపి, బర్లకు గడ్డేసి, వేపపుల్ల నములుకుంట ఆయన ఇంటికొచ్చేసరికి నేను ఇంకా దుప్పట్లనే ఉండేటోణ్ణి.

నా తాగుడు గురించి చెప్పాలంటే, లొట్టి ఎత్తి దించకుంట తాగేటోణ్ణని మా గల్లీల చెప్పుకునేటోణ్ణి. సగం మెడ మీదికెల్లి అంగీలకే పోయేది, ఆ సంగతి చెప్పకపోయేటోణ్ణి. లోపలికి పోయిన సగం మాత్రం నన్ను మస్తు సంతోషపెట్టేది. మాపటి పూట నా అంత మంచి మనిషి ఎల్లారెడ్డి చుట్టుపక్కల దొరకకపోయేటోడు. పాత పాటలు అందుకునేటోణ్ణి, కామారెడ్డిల బట్టలు కుట్టించుకునే షావుకార్ల నడకలు నడిచి చూపించేటోణ్ణి, మామ పొట్ట పట్టుకొని నవ్వేటోడు. పక్క మీద పడంగనే నిద్ర గూడ వచ్చేది. ఆ నిద్రే మోసం. అది నన్ను తొందరగ లోపలికి పిలిచి తొందరగనే బయటికి తోలేది. నోరు పిడచకట్టుకపోయి మెలకువొస్తే ఇగ అంతే, లేచుడు, దొడ్లెకు పోవుడు, వచ్చి పండుకునుడు, మాటిచ్చి కుట్టకుంట వదిలిపెట్టిన బట్టలన్ని వరుసగ యాదికొచ్చుడు. తెల్లారుతుందనంగ కన్నంటుకునేది, అప్పుడు లేపితే లేవబుద్ధి గాకపోయేది. లేచినా తలకాయ తడిసిన దూదిమూట లెక్క. రాత్రి ఎంత నవ్విన్నో పొద్దుగాల అంత చిరచిరలాడేటోణ్ణి. మామను నవ్వించిన నోటితోనే గిరాకీలను కసురుకునేటోణ్ణి.

మా ఆవిడ వదిలిపెట్టేదా? దుప్పటి గుంజి, "జర లేవరాదు, మా బావ మడి తడిపి వచ్చె. నువ్వు తాగింది కల్లు, ఆయన తాగింది నీళ్లా?" అనేది. వంటింట్లకెల్లి అత్త, "ఊకో బిడ్డా, పెద్దల్లునిది రాయి అసొంటి పాణం, అందరికి వస్తదా" అని నన్ను వెనకేసుకొచ్చేది. తిట్టినా బాగుండె. మా ఆవిడ కండ్లల్ల బావ మీద ఉన్న మెచ్చుకోలు నా మీదికి ఒక్కసారి మళ్లితే చాలని నాకు పట్టుదల పుట్టింది. అందుకు నేను ఎంచుకున్న తొవ్వ ఏందంటే, ఆయనకంటె ఒక రేక ఎక్కువ తాగుడు. తెలివిగల్లోడు ఇంకేదన్నా ఎంచుకునేటోడు.

మా బామ్మర్ది పెండ్లి కుదిరినప్పుడు పెండ్లికొడుకు అంగీ నేనే కుట్టాలె అని అత్త ఏరికోరి మెరిసే బట్ట కొన్నది. ఒక దిక్కు అద్దం లెక్క మెరుపు, రెండో దిక్కు మసక. ఆ అంగీ చూసన్నా ఇంట్ల నా పేరు నిలబడ్తదని నేను గూడ సంబురపడ్డ. బట్ట తీసుకున్న రోజు మాపు షడ్డకునితోని పోటీకి తాగి, తెల్లారి మొదటి బస్సుకు కామారెడ్డి వచ్చి, ఎర్రటి కండ్లతోని కత్తెర పట్టిన. బట్ట జర తక్కువుంది. సరిపడ ఉంటే మడత పెట్టి అంగీ చేతులు రెండు ఒక్కసారే కోస్తం, కుడిది ఎడమది వాటంతటవే వస్తయి. తక్కువున్నప్పుడు ఒక్కొక్క చెయ్యి విడిగ కోసుకోవాలె, రెండోది కోసేటప్పుడు మార్కింగు తిప్పుకోవాలె. నేర్చుకునే పోరగాండ్లకు నేను మొదట చెప్పే ముచ్చటే అది. ఆ పొద్దు నేనే తిప్పలే. రెండు చేతులు ఎడమ చేతులైనయి. ఇంక బట్ట లేదు. ఒకదాన్ని లోపలి దిక్కు పైకి పెట్టి కుట్టిన. పెండ్లి నాడు బామ్మర్ది ఎడమ చెయ్యి తళతళ మెరుస్తుంటే కుడి చెయ్యి మొగులు పట్టినట్టుండె. బొంబాయిల ఇప్పుడు ఇదే ఫ్యాషన్ అన్న. నమ్మినోళ్లు నమ్మిన్రు. మా ఆవిడ మాత్రం నా పక్కకొచ్చి, అందరికి నవ్వుకుంట కనపడి, నాకు మాత్రమే వినపడేటట్టు అన్నది: "మా బావ తాగి దున్నినా సాలు వంకర పోదు."

ఆ మాట ఎంత కాలిందంటే, ఆయన కిటుకేందో తేల్చుకోవాలె అనుకున్న. ఆలోచించంగ ఆలోచించంగ నాకు తోచిందొక్కటే: ఇది ఎల్లమ్మ వరం. సాక సరిగ్గ పోసేటోనికి తల్లి నిద్రనిస్తది, బలమిస్తది. నాలుగు చుక్కలు చిలకరించేటోనికి తలనొప్పినిస్తది. ఆ తర్వాత అత్తగారింటికి పోయినప్పుడు, ఆయన లేవంగనే నేను గూడ నా రేక పట్టుకొని వెనకనే పోయిన. పొద్దు ఇంకా గుంకలేదు. పొదల అవతల ఆయన రాయి ముందట వంగి ధార పోస్తున్నడు. ఆగుతడు, ఇప్పుడు ఆగుతడు అని చూస్తున్న. ఆగలే. ఆఖరి చుక్క దాక పోసి, తడి ఆకుకు అంటిన నురుగును వేలితోని తీసి, పంతులు బొట్టు పెట్టినంత శ్రద్ధగ మీసాలకు రాసుకున్నడు.

నన్ను చూసి ఆయన ముఖం పాలిపోయింది. అంత పెద్ద మనిషి నా చెయ్యి పట్టుకున్నడు.

"తమ్మీ, నీ కాల్మొక్త, ఎవ్వరికి చెప్పకు. నాకు పడది. ఒక్క రేక తాగినా రాత్రంత గుండె దడదడ కొట్టుకుంటది, కన్ను మూతపడది, తెల్లారి నాగలి పట్టుకుంటే చేతులల్ల పాణముండది."

"మరి వద్దని చెప్పరాదే అన్నా?"

"మామకా? ఆయన మాట నువ్వు ఇనలేదా? పెండ్లైన కొత్తల ఒకసారి వద్దన్న. అది చూసి నా పెండ్లాం ఏడ్చింది, నువ్విట్ల చేస్తే మా నాయిన నిన్ను నమ్మడని. అప్పటి సంది ఎల్లమ్మకే తాపుతున్న." నా రేక దిక్కు చూసి, మళ్ల అన్నడు: "నిన్ను చూస్తే నాకు కడుపుమంట తమ్మీ. రెండు రేకలు తాగి మామను అంత నవ్విస్తవు. నేను వస్తే ఆయన కల్లు పోస్తడు, నువ్వు వస్తే ముచ్చట పెడ్తడు."

నన్ను చూసి కుళ్లుకునే మనిషి గూడ ఒకడున్నడని అప్పుడు తెలిసింది. ఆ సంతోషంల ఎవ్వరికి చెప్పనని ఎల్లమ్మ రాయి మీద చెయ్యేసిన. ఆయన లెక్క నా రేక గూడ అక్కడనే పోద్దామని వంచిన గని, నురుగు చూసేసరికి చెయ్యి పూర్తిగ వంగలే. సగం తల్లికి, సగం నాకు. అప్పటి సంది నాది అదే లెక్క. పొద్దుండంగనే సగం తాగుడు, కడుపునిండ తినుడు. నిద్ర కొంత కుదిరింది, కత్తెర కొంత నిలబడింది, నవ్వులు కొంత తగ్గినయి. పూర్తిగ మానేసిన అని ఇన్నేండ్లు అందరికి చెప్పుకున్న గని, మానలే.

కుళ్లు మాత్రం సగం కాలే. తెల్లారితే మళ్ల అదే మాట, మా బావ లెక్క. ఒక్క ముక్క చెప్తే ఆయన గొప్ప అంతా కూలిపోతదని తెలిసి గూడ పండ్లు బిగబట్టుకొని దుప్పటి మడతపెట్టేటోణ్ణి. చెయ్యేసిన రాయి మీద భయం గొంత, ఆయన నా చెయ్యి పట్టుకున్న తీరు గొంత.

ఆయన నిరుడు పోయిండు. మూడొద్దుల నాడు పిట్టకు పెట్టేటప్పుడు, పోయిన మనిషికి ఇష్టమైనయన్ని విస్తరిల పెడ్తరు గద, చుట్టాలందరు ముందుగాల అడిగింది కల్లేదీ అని. ఎక్కడికెల్లో ఈత కల్లు తెచ్చిన్రు. ఆయన పెండ్లాం, మా వదినె, ఆ కల్లు సీసా తీసి అందర్ని దాటుకొని నా చేతికిచ్చింది. "నువ్వే పొయ్యి మరిదీ, ఆయన సంగతి నీకెర్కనే" అన్నది. నేనామె ముఖం దిక్కు చూసిన. ఆమె తల వంచుకున్నది. నేను దొప్పల పోసిన. పోసి ఇంత దూరం జరిగినమో లేదో, కాకి వచ్చి ఆ దొప్పలనే ముక్కు ముంచింది. "చూసిన్రా, ఎంత పాణమో" అని అందరు కండ్లు తుడుచుకున్నరు. నా పక్కన మా ఆవిడ వెక్కుకుంట, "మా బావ లెక్క తాగి, మా బావ లెక్క పొద్దుగాల లేచేటోడు ఇంక పుడ్తడా" అన్నది.

మాట నా నాలుక మీదికొచ్చింది. జిందగీ మొత్తంల నేను గెలవగల్గిన ఒకే ఒక్క పందెం అది, ఎదుటోడు లేడు, సాక్ష్యానికి వదినె ఉన్నది. పుడ్తడు అనుకోను, అని అన్న. అంతకన్న అబద్ధం లేదు, అంతకన్న నిజం గూడ లేదు.

ఇప్పుడు ఆ గట్టు మీద ఈత చెట్లు లేవు. కల్లు ప్లాస్టిక్ క్యాన్లల్ల మోటర్ సైకిళ్ల మీద తిరుగుతున్నది. మా అల్లుడు వచ్చినప్పుడు పోయబోతే "వద్దు మామా, పొద్దుగాల డ్యూటీ ఉంది" అంటడు, నేను సరే బిడ్డా అంట, ఎవ్వరి ముఖాలు మాడవు. మా షడ్డకుడు ఈ కాలంల పుట్టవలసిన మనిషి. తాగేటోళ్లు గూడ తలుపు దగ్గరికేసుకొని ఎవరి అర్రల వాళ్లు తాగుతున్నరు. ఎవడు ఎంత తాగిండో, ఎవనికి నిద్ర పట్టలేదో, పక్కోనికి తెల్వది. కుళ్లుకునేటందుకు గూడ ఒకరి ఎదురుంగ ఒకరం కూసోవాలె గద.

నిన్న పొద్దెక్కి కిటికీల ఎండ మంచం మీదికొచ్చిందాక నేను లేవలే. మా ఆవిడ వచ్చింది, నా దిక్కు చూసింది, దుప్పటి గుంజలే. చాయ పక్కన పెట్టి, పండుకొమ్మన్నట్టు నా కాళ్ల మీద దుప్పటి సవరించి పోయింది. ఒక్కసారి అనరాదే, మీ బావ లెక్క లేవరాదని, అని అడగబోయిన. అడిగి అనిపించుకుంటే అది వేరేగుంటది. అందుకని కండ్లు మూసుకొని, మళ్ల వచ్చి అంటదేమోనని, చాయ చల్లారిందాక అట్లనే పండుకున్న.